పనికి పోయే క్యారియరులో కండకు పట్టే తిండి

పాలు పోసే ప్రతి సభ్యునికీ దాణా సంచిమీద ఏమి రాసి ఉంటుందో తెలుసు. మాంసకృత్తులు ఇంత శాతం, క్రొవ్వు ఇంత, పీచు ఇంత అని ఉంటుంది. మాంసకృత్తులు చాలకపోతే పాలు తగ్గుతాయనీ, గేదె బక్కచిక్కుతుందనీ సంఘ సమావేశాలలో మేము చెబుతూనే ఉన్నాము, మీరు వింటూనే ఉన్నారు. గేదెకు పూటకు ఎంత దాణా పెట్టాలో తడుముకోకుండా చెప్పే రైతును "మధ్యాహ్నం మీ క్యారియరులో మాంసకృత్తులు ఎన్ని గ్రాములండీ?" అని అడిగితే మాత్రం నవ్వి ఊరుకుంటాడు. ఈ పాఠం ఆ క్యారియరును గురించి.

ఇది రాయడానికి కారణం ఉంది. శిక్షణ తరగతికని మేము వెళ్ళిన ఒక సంఘంలో పాల క్యాన్లు వ్యానుకు ఎత్తే కుర్రవాడు ఒకడున్నాడు. ఉదయం పాల పని అయిపోగానే దగ్గరి పట్నంలో గోడౌనుకు మూటలు మోయడానికి పోతాడు. సాయంత్రం వ్యాయామశాల. కండ పెంచాలని పట్టుదల. అక్కడెవరో చెప్పగా మాంసకృత్తుల పొడి డబ్బా ఒకటి కొన్నాడు. నెలకు ఒక డబ్బా. తరగతి అయ్యాక అది తెచ్చి చూపించి "ఇది మంచిదేనాండీ?" అన్నాడు.

డబ్బా తిప్పి చూశాము. అందులో ఉన్నది పాల విరుగుడు తేట నుంచి తీసిన పొడి. చీజ్ చేసేచోట పాలను విరగ్గొట్టి గడ్డ తీసుకున్నాక మిగిలే పలచని నీటిని వడబోసి, ఆరబెట్టి ఈ పొడి తయారు చేస్తారు. అతని తల్లి రెండు పూటలా కలిపి రోజుకు ఆరు లీటర్ల గేదె పాలు సంఘంలో పోస్తారు. ఇంటికి పావులీటరు ఉంచుతారు, అదీ టీకి. పాలు వ్యానెక్కి పోతున్నాయి, పాలలోని ఒక భాగం డబ్బాలో పొడిగా తిరిగి వస్తున్నది.

ఆమెను అడిగాము. "ఇంట్లో తాగేస్తే బ్యాంకుకు ఏం కట్టాలి బాబూ? గేదె లోను మీద తెచ్చిందేగా" అన్నారు. ఆ మాట తోసిపుచ్చదగినది కాదు. అప్పటికప్పుడు ఆమె పాస్‌పుస్తకం తీసి లెక్క వేశాము. రోజుకు అర లీటరు అదనంగా ఇంటికి ఉంచుకుంటే నెలకు 15 లీటర్లు. ఆ పదిహేను లీటర్లకు సంఘం ఇచ్చే డబ్బు డబ్బా ధరలో సగం కూడా కాలేదు. ఆమె కొంచెంసేపు మాట్లాడలేదు. తప్పు మాలోనూ ఉంది. పాలు ఎక్కువ పోయండి అని చెప్పినన్నిసార్లు, ఇంటికి కొంత ఉంచుకోండి అని మేము చెప్పలేదు.

ఎంత కావాలి?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం పెద్దవారికి శరీరపు బరువులో ప్రతి కిలోకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 60 కిలోల మనిషికి ఇది 50 గ్రాములు. 55 కిలోల స్త్రీకి 46 గ్రాములు. బరువులెత్తే వ్యాయామం చేసి కండ పెంచదలచినవారికి కిలోకు 1.2 నుంచి 1.6 గ్రాముల వరకు ఉపయోగపడుతుంది. అంతకు మించి తిన్నందువల్ల కండ అదనంగా పెరగదు. కండను పెంచేది మొదట కష్టం, ఆ తరువాతే తిండి. దాణా పెంచి గేదెను కట్టుకొయ్యకే కట్టేస్తే క్రొవ్వు పడుతుంది గాని బలం రాదన్న సంగతి మీకు మేము చెప్పనక్కరలేదు.

మన కుర్రవాడి బరువు 60 కిలోలు. రోజుకు 75 గ్రాములు అనుకుందాము. 300 గ్రాముల బియ్యంలో 23 గ్రాములు వస్తాయి. 75 గ్రాముల కందిపప్పులో 16. అర లీటరు గేదె పాలు, పెరుగు కలిపి 18. గుప్పెడు, అంటే 30 గ్రాముల వేరుశెనగ గుళ్ళలో 7. రెండు కోడిగుడ్లలో 12. మొత్తం 76. డబ్బా అక్కరలేకుండానే లెక్క సరిపోయింది. గుడ్డు తిననివారు 50 గ్రాముల శెనగలు నానబెట్టి ఉడికించుకుంటే సుమారు 10 గ్రాములు వస్తాయి.

ఆ డబ్బాలోని ఒక కొలత చెంచాడులో 24 గ్రాములని ముద్రించి ఉంది. అది సుమారు 650 మిల్లీలీటర్ల గేదె పాలకు సమానం. పొడి విషమేమీ కాదు. అవసరం లేదంటున్నాము, అంతే. పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలలో కూడా కండ పెంచడం కోసం ఇటువంటి పొడులు వాడవద్దనే సలహా ఇచ్చింది. పాలలోని మాంసకృత్తులలో ఐదింట నాలుగు వంతులు కేసీను, ఒక వంతు మాత్రమే తేటలో ఉండేవి. డబ్బాలో వచ్చేది ఆ ఒక్క వంతు. పాలు తాగినవానికి ఐదు వంతులూ దక్కుతాయి. వెన్న కోసం మీగడ తీసుకునేవారు భయపడనక్కరలేదు. క్రొవ్వు తీసినా మాంసకృత్తులు పాలలోనే ఉంటాయి. పాల పరీక్షలో వెన్న కాని ఘనపదార్థాలని రాసే అంకెలో అవి ఉన్నాయి.

ఇక క్యారియరు సంగతి. అతను తీసుకుపోతున్నది నిండుగా అన్నం, టమాటా చారు, ఆవకాయ. కడుపు నిండుతుంది. మాంసకృత్తులు 15 గ్రాములు, అవీ దాదాపు బియ్యంలోవే. బియ్యంలో లైసిన్ అనే భాగం తక్కువ. పప్పులో అది సమృద్ధిగా ఉంటుంది, పప్పులో లోపించినది బియ్యంలో ఉంటుంది. పాలలో రెండూ ఉన్నాయి. అందువల్ల అన్నం, పప్పు, పెరుగు కలిసిన భోజనం మన పెద్దలు ఊరికే పెట్టలేదు. రోజంతా కావలసినది రాత్రి ఒక్కపూటే తినడంకంటె పూటకు పాతిక గ్రాముల చొప్పున పంచుకోవడం కండకు మేలు. 120 గ్రాముల బియ్యపు అన్నం, 40 గ్రాముల కందిపప్పు, 200 గ్రాముల గేదె పెరుగు చేరితే మధ్యాహ్నపు క్యారియరులో ఆ పాతిక వచ్చేస్తుంది.

రాత్రి చేసుకోవలసిన పని

తెల్లవారుజామున నాలుగున్నరకు పాలు పితికి, ఆరు లోపల కేంద్రంలో పోసి, ఏడుకు బస్సు ఎక్కవలసిన ఇంటిలో ఉదయం వంటకు వ్యవధి ఉండదు. అందుకే చారు, పచ్చడితో సరిపెట్టుకుంటున్నారు. లోపం మనసులో లేదు, సమయంలో ఉంది. కనుక సాయంత్రం పాలు పోసి వచ్చాక అరగంట ఈ పనికి కేటాయించాలి. పప్పు కొలిచి, కడిగి, నానబెట్టాలి. శెనగలో, పెసలో మరో గిన్నెలో నానబెట్టాలి. ఆకుకూర ఏరి, గుడ్డలో చుట్టి ఉంచాలి. పాలు కాచి, తోడువేయాలి. తెల్లవారి లేవగానే కుక్కరులో అడుగు గిన్నెలో పప్పు, పై గిన్నెలో బియ్యం, మూతలాంటి చిన్న పళ్ళెంలో శెనగలు పెట్టి పొయ్యి మీద పెట్టి పాలు పితకడానికి పోవచ్చు. ఇంట్లో ఒకరు విజిళ్ళు లెక్కపెట్టుకుని పొయ్యి ఆపితే చాలు.

పప్పు గట్టిగా ఉండాలి. ముద్దపప్పు గాని, గోంగూర పప్పు గాని మంచిది. పులుపు ఉండడంవల్ల గోంగూర పప్పు ఎండాకాలంలో కూడా మధ్యాహ్నానికి నిలుస్తుంది. నలుగురికి రెండు గుప్పిళ్ళ పప్పు వేసి నీళ్ళతో పెంచడం కొన్ని ఇళ్ళలో అలవాటు. అటువంటి పప్పులో లాక్టోమీటరు వేస్తే అడుక్కు పోతుంది! నీళ్ళు కలిపిన పాలకు మనం ఎంత గొడవ చేస్తామో గుర్తు చేసుకోండి.

పెరుగన్నం తీసుకుపోతే పుల్లబడుతోందని చాలామంది మానేస్తారు. దీనికి పాత ఇళ్ళలో మంచి ఉపాయం ఉంది. అన్నం మెత్తగా వండి, గోరువెచ్చగా అయ్యాక చిదిమి, అందులో 200 మిల్లీలీటర్లు కాచి చల్లార్చిన పాలు పోసి, ఒక చిన్న చెంచాడు పెరుగు కలిపి గిన్నె మూసేయాలి. ఉదయం ఏడింటికి పెట్టినది ఒంటిగంటకు క్యారియరులోనే తోడుకొని తియ్యని పెరుగన్నం అవుతుంది. చలికాలంలో తోడు కొంచెం ఎక్కువ వేయాలి. ఉప్పు తినేటప్పుడు కలుపుకోవచ్చు. పై లెక్కలోని అన్నంలో సగం పప్పుకు, సగం దీనికి సరిపోతుంది.

సాయంత్రం ఏ కారణంచేతనైనా పాలు మిగిలినరోజున పనీరు చేసుకోవచ్చు. లీటరు గేదె పాలు బాగా కాగనిచ్చి, దించి, రెండు మూడు నిమిషాలు ఆగి, నిమ్మరసం కొద్దికొద్దిగా పోస్తూ కలపాలి. తేట పచ్చగా, తేరుకున్నట్లు విడిపోగానే ఆపాలి. ఇంకా పోస్తే పులుపు మిగిలి పనీరు గట్టిపడుతుంది. పలచని గుడ్డలో వడగట్టి, మీద బరువు పెట్టి, తరువాత చల్లని నీళ్ళలో వేస్తే సుమారు 200 గ్రాములు వస్తుంది. చిదిమి, ఉల్లిపాయ, పచ్చిమిరపతో కోడిగుడ్డు పొరటులాగ పొడిపొడిగా వేయిస్తే క్యారియరులో కారకుండా ఉంటుంది. నూరు గ్రాములలో 18 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. ఫ్రిజ్ లేని ఇంటిలో ఆ రాత్రి చేసినది తెల్లవారి వేయించి మధ్యాహ్నానికి తినేయాలి, రెండోరోజుకు ఉంచరాదు. విడిపోయిన తేట పారబోయకండి. డబ్బాలవారు ఆరబెట్టి అమ్ముకునేది అటువంటిదే. దానితో చపాతీల పిండి కలుపుకోవచ్చు, చారు కాచుకోవచ్చు.

వారాలతరబడి నిలిచేది పొడి. వేయించి పొట్టు తీసిన వేరుశెనగ గుళ్ళు రెండు పాళ్ళు, పుట్నాలు ఒక పాలు, ఎండుమిరప, వెల్లుల్లి, ఉప్పు కలిపి దంచి పొడి సీసాలో పెడితే రెండు వారాలు నిశ్చింత. బూజు పట్టిన, ముడతపడిన, చేదుగా ఉన్న గుళ్ళను ఏరి పారేయాలి. ఆ బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉంటుంది. వాటిని గేదెకూ పెట్టకూడదు, అది పాలలోకి దిగుతుంది.

ఉలవల మాట చెప్పకుండా ఈ పాఠం ముగించలేము. ఉలవలు ఉడకబెట్టి, కట్టు వంచి చారు కాచుకుని మనం తాగి, గుగ్గిళ్ళు ఎడ్లకు పెట్టడం మన ఊళ్ళలో ఉన్నదే. వందకు 22 గ్రాముల వరకు మాంసకృత్తులున్న గింజ ఎడ్లకు పోయింది, రుచి మనకు మిగిలింది. అరక దున్నేది ఎద్దు కనుక ఆ రోజుల్లో అది న్యాయమే. ఇప్పుడు చాలా ఊళ్ళలో దున్నేది ట్రాక్టరు. గుగ్గిళ్ళకు తాలింపు వేసి క్యారియరులో పెట్టుకోవచ్చు.

చెడిపోకుండా

పితికిన పాలను త్వరగా 4 డిగ్రీలకు చల్లార్చాలని బల్క్ కూలర్లు ఎందుకు పెట్టారో సభ్యులకు తెలుసు. వండిన తిండికీ అదే సూత్రం. 5 డిగ్రీలకు పైన, 60 డిగ్రీలకు లోపల సూక్ష్మజీవులు పెరుగుతాయి. అన్నంలో ఉండే కొన్ని సూక్ష్మజీవుల బీజాలు ఉడికినా చావవు, గోరువెచ్చగా గంటలకొద్దీ ఉంచితే మళ్ళీ మొలకెత్తుతాయి. ఆదివారం వండి వారమంతా ఫ్రిజ్‌లో పెట్టుకునే పద్ధతి పట్నాలలో కొందరు పాటిస్తున్నారు. కరెంటు పోతూ వస్తూ ఉండే ఊళ్ళకు దాన్ని మేము సిఫారసు చేయము. పొడులు వారానికి, నానబెట్టడం రాత్రికి, వండడం తెల్లవారికి. ఈ వరస తప్పవద్దు. రాత్రి వండినది తప్పనిసరిగా వాడవలసివస్తే వెడల్పు గిన్నెలో చల్లార్చి రెండు గంటలలోపల ఫ్రిజ్‌లో పెట్టి, ఉదయం పొగలు వచ్చేదాకా వేడిచేయాలి.

పొగలు కక్కే పప్పును వెంటనే మూయవద్దు, మూతకు చెమట పట్టి ఆ నీరే త్వరగా చెడుపుతుంది. ఉడికించిన గుడ్డు పెంకుతోనే తీసుకుపోండి. కొబ్బరి పచ్చడి ఎండాకాలంలో మానుకోండి. క్యాను మూత రబ్బరు కింద మురికి ఉంటే పాలు విరుగుతాయని కడిగించే మనం, క్యారియరు మూత రబ్బరు ఎన్నాళ్ళకొకసారి తీసి కడుగుతున్నామో చూసుకోవాలి. మేము ఆ కుర్రవాడి క్యారియరు రబ్బరు ఊడదీసి వాసన చూశాము. వివరించనక్కరలేదు.

మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాంసకృత్తులు పెంచేముందు డాక్టరును అడగాలి. పాలు తాగితే కడుపు ఉబ్బరించేవారికి పెరుగు, మజ్జిగ సాధారణంగా సరిపడతాయి.

ఇంకొక సంగతి. లెక్కంతా కొడుకుకు వేశాక ఆమె పుస్తకం మూసి సంచిలో పెట్టుకోబోయారు. "మీ క్యారియరుకు లెక్క వెయ్యలేదమ్మా" అన్నాము. "నాకెందుకు బాబూ, నేనేమన్నా కుస్తీ పట్టాలా?" అన్నారు. ఆమె వయసు నలభై ఎనిమిది. రోజూ రెండు మోపుల గడ్డి కోసి తలమీద మోసుకొస్తారు, గేదెను తోమి, పేడ ఎత్తి, కూలికి కూడా పోతారు. నలభై దాటాక పనిచేసే కండ కూడా ఏటికేడు కొంత తరుగుతుంది, తిండి చాలనివారికి మరింత తరుగుతుంది. ఇంట్లో అందరికంటె చివర మజ్జిగ నీళ్ళతో తినేది ఆమే. ఆమెకు 46 గ్రాములు కావాలి. ఉంచుకోమన్న అర లీటరు కొడుకుకే సరిపోయింది. టీ పాలు కాక మరో పావులీటరు, రెండు గుప్పిళ్ళ పప్పు ఆమె పేర వేసి, రెండో క్యారియరుకు కూడా అదే కాగితం మీద రాసి ఇచ్చాము. మరుసటి వారం నుంచి ఆమె సంఘంలో పోస్తున్నది రోజుకు అయిదుంబావు లీటర్లు.