అడగనివారి గోడు వినాలి

నిజమైన అగత్యపరులందరూ మన గుమ్మం ముందుకు రారు. దివ్యఖుర్ఆన్‌లోని అల్‌ బఖరా సూరా, 273వ ఆయతు అలాంటివారినే ప్రస్తావించింది. వారు ఆత్మాభిమానం వల్ల ఎవరినీ వెంటపడి అడగరు. తెలియనివారు వారిని కలిగినవారనే అనుకుంటారు. ముఖం చూసి వారి స్థితిని గ్రహించాలి. కనుక వారిని వెతుక్కుంటూ వెళ్ళి వారి మాట వినడం కూడా దాతల బాధ్యతే.

ద్వితీయ ఖలీఫా హజ్రత్‌ ఉమర్‌ (రజి) జీవితంలోని ఒక సంఘటనను చరిత్ర గ్రంథాలు పేర్కొన్నాయి. ఒక రాత్రి ఆయన తన సేవకుడు అస్లమ్‌తో కలిసి మదీనా శివార్లకు వెళ్ళారు. అక్కడ ఒక స్త్రీ పొయ్యి మీద కుండ పెట్టి కూర్చుంది. చుట్టూ పిల్లలు ఆకలితో ఏడుస్తున్నారు. కుండలో ఉన్నవి వట్టి నీళ్ళే! వంట అవుతోందనుకొని పిల్లలు నిద్రపోతారని ఆమె ఆశ. ఎదుట ఉన్నది ఖలీఫాయేనని తెలియక, తమకూ ఉమర్‌కూ మధ్య అల్లాహ్‌యే తీర్పు చేస్తాడని ఆమె వాపోయింది. మీ సంగతి ఉమర్‌కు ఎలా తెలుస్తుందని ఆయన అడిగారు. మా బాధ్యత చేపట్టినవాడు మమ్మల్ని పట్టించుకోకపోవడమేమిటని ఆమె నిలదీసింది.

ఆయన కోపగించుకోలేదు, తనను సమర్థించుకోలేదు. వెళ్ళి పిండి మూటను తన వీపు మీదే మోసుకొచ్చారు. తాను మోస్తానన్న అస్లమ్‌ను, ప్రళయదినాన నా భారం నీవు మోస్తావా అని ప్రశ్నించారు. పిల్లలు కడుపునిండా తిని నవ్వేదాకా ఆయన అక్కడినుండి కదలలేదు.

ఒక పూట ఆకలి తీర్చడంతో బాధ్యత తీరిపోదు. అంతకు ఎన్నో ఏళ్ళ ముందే, ఖైబర్‌లో తనకు లభించిన మేలైన భూమిని ఏం చేయాలని హజ్రత్‌ ఉమర్‌ (రజి) దైవప్రవక్త (స)ను సలహా అడిగారు. భూమిని అలాగే ఉంచి ఫలసాయాన్ని దానం చేయవచ్చని ఆయన సూచించారు. ఆ భూమిని అమ్మకూడదు, బహుమతిగా ఇవ్వకూడదు, వారసత్వంగా పంచకూడదు. దాని ఆదాయం పేదలకు, బంధువులకు, బానిసల విముక్తికి, బాటసారులకు, అతిథులకు, దైవమార్గానికి చెందింది. తన తర్వాత దాని పర్యవేక్షణను ఆయన తన కుమార్తె హజ్రత్‌ హఫ్సా (రజి)కు అప్పగించారు. వక్ఫ్‌కు ఇదొక గొప్ప ఆదర్శం.

నేడు మన బైతుల్‌మాల్‌లు, ట్రస్టులు, మస్జిద్‌ కమిటీలు ఆత్మపరిశీలన చేసుకోవాలి. ఏటా దుప్పట్లు పంచుతున్నాం సరే, ఆ వితంతు సోదరికి కావలసింది దుప్పటా, కుట్టుమిషనా? ఆమెను ఎవరైనా అడిగారా? బస్తీలోని పేదల్లో ఒకరికైనా నిర్ణయాలు జరిగేచోట స్థానముందా? మనపై ఫిర్యాదు చేస్తే ఓపికగా వింటున్నామా? ఫోటోల కోసం వారిని వరుసలో నిలబెట్టడం లేదు కదా? దెప్పిపొడిచి, మనసు నొప్పించి దానాన్ని వ్యర్థం చేసుకోవద్దని ఖుర్ఆన్‌ (2:264) హెచ్చరించింది.

ఈ వారం మీ వీధిలో చేయిచాచని ఒక్క ఇంటి తలుపు తట్టండి. ముందు వినండి, ఆ తర్వాతే ఇవ్వండి. వినే చెవిని, స్పందించే హృదయాన్ని అల్లాహ్‌ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్‌.