కొండవేట: ఒక పల్లపు మాస్టారి పాఠాలు

మా రాజోలు తాలూకాలో ఎత్తయిన చోటంటే ఏటిగట్టే. ఆ నేల మీద పుట్టినవాడికి విల్లు గురించీ దుప్పి గురించీ మాట్లాడే అర్హత ఎక్కడిదని అడగొచ్చు. కాని మా వైపు అమలాపురం, కొండల్లోని మారేడుమిల్లి 2022 ఏప్రిల్ దాకా ఒకే జిల్లాలో ఉండేవి. నా మొదటి ఉద్యోగం ఆ జిల్లా పైకొసన, పాపికొండల వైపు, ఒక కొండరెడ్ల ఊళ్ళో ఏకోపాధ్యాయ పాఠశాల. వన్యప్రాణి చట్టం అప్పటికింకా రాలేదు. వేసవి వస్తే బడి సగం ఖాళీ, అడవి నిండా మా పిల్లలే. ఆ ఊరి పెద్ద, అంటే పెద్దకాపు, నాకు జీలుగు కల్లు అలవాటు చెయ్యలేకపోయాడు గాని అడవిలో నడవడం మాత్రం నేర్పాడు. విల్లు వంచి నేను దేన్నీ కొట్టలేదు. వెనకాల నడిచాను, చూశాను, అడిగి తెలుసుకున్నాను.

ఇప్పుడు రాయడానికి కారణం మా మేనకోడలి కొడుకు. కొలరాడోలో ఉంటాడు. అక్కడ సెప్టెంబరు నెల విల్లువేటకు కేటాయించిన కాలం. లైసెన్సు తీసుకుని రాకీ కొండలెక్కుతానంటున్నాడు. "తాతయ్యా, నువ్వు చూసినవన్నీ వరసగా రాసి పంపించు" అన్నాడు. వాడికి రాసిందే ఇది. మన కుర్రాళ్ళ కోసం చివర్లో కొంత కలిపాను.

1. ముందు గాలిని చూసుకో.

దుప్పి మనిషిని మొదట ముక్కుతో పసిగడుతుంది, తర్వాత చెవితో, ఆఖరున కంటితో. కదలకుండా నిలబడ్డవాణ్ణి చూసి కూడా చూడనట్టు మేస్తుంది గాని, వాసన తగిలితే మాత్రం ఇంకో ఆలోచన చెయ్యదు. మా కోనసీమలో గాలి సంగతి తేలిక. మధ్యాహ్నం దాటితే సముద్రం మీంచి వస్తుంది. కొండలో అలా కుదరదు. రాత్రి చల్లబడిన గాలి బరువెక్కి లోయలోకి దిగుతుంది. పొద్దెక్కి బండలు కాగాక అదే గాలి పైకి మళ్ళుతుంది. అందుకని తెల్లవారుజామున కింది నుంచి పైకి ఎక్కాలి, ఎండెక్కాక పైనుంచి కిందికి దిగాలి. ఈ రెంటికీ నడుమ గాలి ఎటూ తేలని వేళ ఒకటుంటుంది. అప్పుడు కదిలేవాడు ఆ రోజు వేట పోగొట్టుకున్నట్టే. చెట్టు మొదట్లో కూర్చోవాలి.

పెద్దకాపు మొలకి చిన్న గుడ్డమూట ఉండేది, అందులో పొయ్యిబూడిద. చిటికెడు తీసి వదిలేవాడు, అది ఎటు పోతే దానికి ఎదురు నడక. అలాంటి పొడినే ఇప్పుడు అమెరికాలో ప్లాస్టిక్ సీసాల్లో అమ్ముతున్నారట. నన్ను ముందురోజు నుంచే సబ్బు రాసుకోవద్దనేవాడు. "పంతులూ, నీ వాసన నీకంటే ముందు కొండెక్కేస్తంది" అనేవాడు.

2. దుప్పి వెంట పడకు, చెట్టు దగ్గర కూర్చో.

మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపూలు రాత్రంతా రాలతాయి. తెల్లారేసరికి చెట్టుకింద తెల్లగా పరుచుకుంటాయి. మనుషులు ఏరుకోడానికి వచ్చేలోపే చుక్కల దుప్పులు వచ్చి తినిపోతాయి. చలికాలంలో ఉసిరి రాలినచోటు, ఎండలు ముదిరాక ఆఖరున మిగిలిన నీటి మడుగు, ఏడాది పొడవునా చౌడునేల. ఈ నాలుగూ తెలిసినవాడు కొండంతా తిరగక్కర్లేదు.

కొండముచ్చుల మందనీ గమనించాలి. అవి తినేదానికంటే పారేసేదే ఎక్కువ. ఆ రాలిన ఆకులకీ కాయలకీ దుప్పులు కిందికి చేరతాయి. ఇద్దరికీ లాభమే. పైన ఉన్నవాడికి చూపెక్కువ, కింద ఉన్నవాడికి ముక్కు ఎక్కువ. ఎవరు ముందు పసిగడితే వాళ్ళు కేకేస్తారు. కొండముచ్చుకు నువ్వు కనిపించావంటే దుప్పికి కబురందినట్టే. రేచుకుక్కలు తిరిగిన లోయలోకైతే వెళ్ళడమే దండగ.

3. విల్లు నీ చేతి కొలతకి ఉండాలి.

కొండరెడ్ల విల్లు చూస్తే మొదట ఇదా అనిపిస్తుంది. ఒక వెదురు బద్ద, దానికి నారిగా ఇంకో సన్నటి వెదురు బెత్తం, అంతే. తోలునారిలా వానకి సాగిపోదు. బద్దకి బోలుగా ఉండే ముళ్ళవెదురు పనికిరాదు, గట్టిగా ఉండే సాధనపు వెదురు కావాలి. బాణానికి తేలికపాటి కర్ర, చివర ఊళ్ళో కమ్మరి కొట్టిన ఇనప ములికి, వెనక ఈకలు. పిట్టలకైతే ములికి లేని మొద్దు బాణం. ఎవరి విల్లు వాళ్ళే చేసుకునేవాళ్ళు. ఇంకొకడి విల్లు అడిగి పట్టుకెళ్ళినవాణ్ణి నేను చూడలేదు. పని అయిపోగానే నారి సడలించేవాళ్ళు. ఎక్కుపెట్టి ఉంచిన విల్లు కొన్నాళ్ళకి ఆ వంపులోనే ఉండిపోతుంది.

మావాడి దగ్గరున్నది కాంపౌండ్ విల్లు. రెండు చివర్లా కప్పీలుంటాయి, వాటి మీదుగా తాళ్ళు. హాలెస్ ఆలెన్ అనే అమెరికన్ దాన్ని కనిపెట్టి 1969లో పేటెంటు పొందాడు. పూర్తిగా లాగాక బరువు చాలావరకు కప్పీలే మోస్తాయి, అందుకని గురిచూస్తూ కాసేపు ఆగొచ్చు. వెదురు విల్లుకి ఆ సుఖం లేదు. లాగడం, వదలడం ఒకే ఊపులో జరిగిపోవాలి. పెద్దకాపు ఒక కన్ను మూసి గురిచూడగా నేను ఎన్నడూ చూడలేదు.

ఇక్కడో మాట. మన ఊళ్ళలో అల్లూరి సీతారామరాజు విగ్రహం విల్లు పట్టుకునే ఉంటుంది. కాని 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడి తుపాకుల కోసమే జరిగింది. విల్లు ఎంత దూరం పనికొస్తుందో మన్యంవాళ్ళకి తెలిసినంతగా మనకి తెలియదు.

4. దగ్గరికి వెళ్ళలేకపోతే తిరిగి వచ్చెయ్యి.

మిగతావన్నీ మరిచిపోయినా ఇది మరవొద్దని మావాడికి రెండుసార్లు రాశాను. వెదురు విల్లు బాణం సెకనుకు నలభై, యాభై మీటర్లు పోతుంది. చప్పుడు సుమారు మూడొందల నలభై మీటర్లు పోతుంది. ముప్పై మీటర్ల దూరంలో ఉన్న దుప్పికి నారి చప్పుడు సెకనులో పదోవంతులోపే చేరుతుంది, బాణం చేరడానికి అర సెకను పైనే పడుతుంది. ఆ మధ్యలో అది ఎగరడానికి ఒళ్ళు కిందికి కుంగదీస్తుంది. గుండెకి వేసిన బాణం వీపు మీంచి పోతుంది, లేదా వెన్నులో దిగుతుంది. రెండోది మరీ పాపం. కాంపౌండ్ విల్లు బాణం ఇంచుమించు రెట్టింపు వేగంతో పోతుందనుకున్నా చప్పుణ్ణి దాటలేదు.

అందుకే కొండవాళ్ళు ఇరవై అడుగుల దూరంలోకి వస్తే తప్ప విల్లెత్తేవాళ్ళు కాదు. అక్కడికి చేరడానికి ఒక్కోసారి పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా పట్టేది. దుప్పి మేతకి తల వంచినప్పుడు ఒక అడుగు, తల ఎత్తితే రాయి. ఎండుటాకు మీద మడమ ఆన్చకూడదు, వేళ్ళతో తడిమి దించాలి. అంత దగ్గర్నుంచి చూస్తే ఆడదో మగదో, పిల్ల వెంట ఉందో లేదో, కడుపుతో ఉందో కూడా తెలుస్తుంది. తెలిశాక విల్లు దించేసిన రోజులున్నాయి. అడవి అన్నేళ్ళు నిండుగా ఉండటానికి ఆ దూరమే కారణమని నా నమ్మకం. తుపాకీ వచ్చాక వేటగాడికి దుప్పి ముఖం చూసే పని తప్పింది.

5. కనపడనిదాని మీద బాణం వెయ్యొద్దు.

నీళ్ళ చప్పుడు విని ఏనుగనుకుని వేసిన దశరథుడి కథ మనకి తెలుసు. కొండవాళ్ళు వెదురు పొద కదిలినా వేసేవాళ్ళు కాదు. ఆ పొదలో కట్టెలకొచ్చిన ఆడమనిషి ఉండొచ్చు.

6. తగిలాక కూర్చో.

కొత్తవాళ్ళందరూ తప్పేది ఇక్కడే. బాణం తగలగానే అరుస్తూ పరిగెడతారు. తరిమితే దెబ్బతిన్న దుప్పి ఉన్న బలమంతా పెట్టి రెండు లోయలు దాటుతుంది. వదిలేస్తే దగ్గర్లోనే పడుకుంటుంది. పెద్దకాపు ముందు దుప్పి నిలబడ్డచోట ఒక కొమ్మ విరిచి పెట్టేవాడు, తర్వాత చుట్ట తీసి, వెలిగించకుండా నోట్లో పెట్టుకుని కూర్చునేవాడు.

నెత్తురు చూసి చెప్పేవాడు. ఎర్రగా, నురుగు కట్టి ఉంటే ఊపిరితిత్తి, అరగంట ఆగితే చాలు. నల్లగా చిక్కగా ఉంటే కాలేయం, ఇంకాస్త ఆగాలి. బాణానికి పచ్చటి మరక, పేడకంపు ఉంటే పేగు తెగింది. అప్పుడు గంటలకొద్దీ ఆగాల్సిందే, ఎన్నింటికైనా వెతికి పట్టుకోవాల్సిందే. నెత్తురు నేల మీదే ఉంటుందని అనుకోవద్దు, మోకాలెత్తు గడ్డికి, ఆకుల అడుగున అంటుతుంది. ఒకడు ఆఖరి చుక్క దగ్గర నిలబడాలి, ఇంకొకడు ముందుకెళ్ళి వెతకాలి. ఇద్దరూ కలిసి ముందుకెళితే జాడ తొక్కేస్తారు.

కొట్టి వదిలేసి వచ్చినవాణ్ణి ఆ ఊళ్ళో మళ్ళీ వేటకి తీసుకెళ్ళేవాళ్ళు కాదు. మావాడికి చెప్పేదొకటే: చీకటి పడుతుందనిపిస్తే అసలు బాణం వెయ్యకు.

7. వేట ఊరిది.

దుప్పి ఊళ్ళోకి వస్తే గడపగడపకీ పాలు వెళ్ళేది, ముసలమ్మ ఒంటరిగా ఉన్న ఇంటికి కూడా. వేసినవాడికి కాస్త ఎక్కువ. అమ్మకం మాటే లేదు. భూమి పండగ రోజుల్లో, అంటే విత్తనాలు చల్లబోయే ముందు, మగవాళ్ళంతా విల్లంబులు పట్టుకుని అడవికి పోతారు. ఆడవాళ్ళు దారికి అడ్డంగా తాడు కట్టి, ఆడుతూ పాడుతూ వచ్చేపోయేవాళ్ళ దగ్గర డబ్బులు వసూలు చేస్తారు. ఉత్త చేతులతో తిరిగొచ్చిన మగాళ్ళ మీద పేడనీళ్ళు పోస్తారు. పోయించుకున్న వీరుల్లో మా పెద్దకాపూ ఉన్నాడు. కోపం లేదు, నవ్వే. విశాఖ మన్యంలో ఇటుకల పండగప్పుడు కూడా ఇదే తంతు. ఎంత గొప్ప వేటగాడైనా ఎక్కువ రోజులు వట్టి చేతులతోనే వస్తాడని ఆడవాళ్ళకి బాగా తెలుసు.

కొండరెడ్ల మధ్య 1941లో ఉండి చూసిన ఆస్ట్రియా పండితుడు హైమండార్ఫ్ 1945లో పాపికొండల రెడ్ల మీద పుస్తకమే వేశాడు. బయటి నుంచి వచ్చినవాళ్ళ వ్యాపారం, కలప కూపులు వాళ్ళ బతుకుని ఎలా మారుస్తున్నాయో ఆ పుస్తకంలో చూడొచ్చు.

8. అడవిని ఖాళీ చేసింది విల్లు కాదు.

మా పెదనాన్నగారి లోగిట్లో కణుజు కొమ్ములకి కండువాలు తగిలించేవాళ్ళు. ఆ కణుజు మా లంకల్లో పుట్టలేదు. పల్లపు డబ్బు కొండెక్కి తెచ్చింది. నాటుతుపాకీలు, రాత్రి హెడ్‌లైట్ల వేట, కేబులు తీగతో ఉచ్చులు, పొలాల మీంచి దొంగతనంగా లాగిన కరెంటు తీగలు. వీటిలో దేనికీ గాలి చూడక్కర్లేదు, దగ్గరికి వెళ్ళక్కర్లేదు, కడుపుతో ఉందో లేదో తెలియక్కర్లేదు. ఉచ్చుకి దుప్పి ఒక్కటే పడదు, చిరుత పడుతుంది, పశువు పడుతుంది. కరెంటు తీగకి మనిషీ పడతాడు. కొండరెడ్డి విల్లునీ వీటినీ ఒకే గాటన కట్టడం నాకు ఎప్పుడూ న్యాయంగా తోచలేదు.

9. న్యాయంగా తోచకపోయినా చట్టం చట్టమే.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేటకి కళ్ళెం పడింది, 1991 సవరణతో పూర్తిగా ముగిసింది. పాపికొండలు 1978లో అభయారణ్యం, 2008లో జాతీయ పార్కు అయ్యాయి, వెయ్యి చదరపు కిలోమీటర్ల పైచిలుకు. 2006 అటవీ హక్కుల చట్టం గిరిజనులకి తేనె, చింతపండు, అడ్డాకు లాంటి వాటి మీద హక్కిచ్చింది గాని వేటని మాత్రం పేరుపెట్టి మినహాయించింది. జాతీయ పార్కులో వేటాడితే మూడేళ్ళకి తగ్గకుండా ఏడేళ్ళ దాకా జైలు. చంపితేనే నేరం కాదు. ఉచ్చు పెట్టడం, తరమడం, ప్రయత్నించడం కూడా చట్టం లెక్కలో వేటే. ధ్రువపత్రం లేకుండా గోడకి కొమ్ములు ఉంచుకోవడమూ చిక్కే.

ఒక్కో దేశానిది ఒక్కో పద్ధతి. కొలరాడోలో విల్లువేటకి కాలం, లైసెన్సు ఉన్నాయి. ఇంగ్లండులో దుప్పిని బాణంతో కొట్టడమే నేరం. మావాడు అక్కడ చేసేది అక్కడి లెక్క. సెలవులకొచ్చినప్పుడు ఆ ముచ్చట ఇక్కడ తీర్చుకుంటానంటే నేనే ఫారెస్టువాళ్ళకి చెప్తాను.

10. కోనసీమ కుర్రాళ్ళకి.

విల్లు మీద మోజుంటే గురిపలకలున్నాయి. మావాడు వాడే రకం కాంపౌండ్ విల్లుతోనే విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు గెలిచింది.

సెలవు దొరికితే గోకవరం మీదుగా బళ్ళ మీద మారేడుమిల్లి వెళ్తున్నారు, సంతోషం. బొంగు చికెన్ తినండి, కొండచీపురు కొనుక్కోండి, తేనె కొనుక్కోండి, బేరం ఆడకండి. "అడవి మాంసం ఏమైనా దొరుకుద్దా" అని మాత్రం ఎవర్నీ అడగకండి. పక్కన ఎవరైనా అడిగితే అక్కడికక్కడే నోరు మూయించండి.