ఉప్పుగాలిలో బోల్టు ఏ లోహానిది?

చల్లపల్లి

చిరంజీవికి,

రాయి ఎక్కేవాళ్ల కోసం రాతికి దిగగొట్టే బోల్టు విషయంలో మొదట తేల్చుకోవలసింది బలం కాదు, అది ఏ గాలిలో ఉండబోతోందన్నది. యూరప్ ప్రమాణం ఈఎన్ 959 ప్రకారం యాంకరు, అంటే ఇలా రాతిలో బిగించే బోల్టు, రాతిగోడ వెంబడి లాగే 25 కిలోన్యూటన్లకు, అంటే దాదాపు రెండున్నర టన్నులకు ఆగాలి. మంచి సరుకు ఏదైనా కొన్ననాడు ఈ పరీక్ష దాటినదే. పదేళ్ల తరవాత అందులో మిగిలేదెంత అన్నది లోహమూ, ఉప్పూ, తేమా కలిసి తేల్చే లెక్క.

చల్లపల్లిలో బోల్టు కొడదామంటే రాయి లేదు, అంతా కృష్ణ తెచ్చిపోసిన ఒండ్రే. తుప్పుకు మాత్రం కొదవ లేదు. కోడూరు, నాగాయలంక వైపు రొయ్యల చెరువుల ఏరేటర్ల నట్లు, బందరు డాబాల్లో ఉబ్బి సిమెంటును పగలగొట్టిన కమ్మీలు చూసినవారికి ఉప్పుగాలి చేసే పని వేరే చెప్పనక్కరలేదు. ఇక్కడి కుర్రవాళ్లు రాయి ఎక్కాలంటే భువనగిరికో, విశాఖకో పోవాలి. ఈ రెండు చోట్లకూ ఒకే లోహం పనికిరాదు.

భువనగిరి ఏకశిల గ్రానైటు. మాలావత్ పూర్ణ, ఆనంద్‌కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కకముందు శిక్షణ పొందిన రాయి ఇదే. సముద్రం రెండు వందల కిలోమీటర్ల పైమాటే. ఇలాంటి చోట 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు చాలు. జింకు పూత బోల్టు చవకే గాని, పూత మందం కొద్ది మైక్రాన్లే. వానకు నానే కన్నంలో అది పోయాక మిగిలేది మామూలు ఇనుమే, కాబట్టి దాని చోటు ఇంటిలోపలి క్లైంబింగ్ గోడలు. జింకు బోల్టుకు స్టెయిన్‌లెస్ హ్యాంగరు (తాడు కొక్కెం తగిలించే రేకు) బిగించడం ఇంకా చెడ్డ పొదుపు. రెండు లోహాలు తడిలో కలిస్తే బోల్టునే ముందు తుప్పు తినేస్తుంది, అదీ హ్యాంగరు వెనక, కంటికి కనబడని చోట.

విశాఖ తీరపు కొండల సంగతి వేరు. అక్కడ 304 మీద సన్నని గుంటలు పడతాయి. రెండు మూడు శాతం మాలిబ్డినం కలిసిన 316 వాటిని మెరుగ్గా అడ్డుకుంటుంది. అయినా అది కూడా పూర్తి భరోసా కాదు. వేడి, క్లోరైడు, లోహంలో నిలిచి ఉన్న లాగుడు మూడూ కలిస్తే స్టెయిన్‌లెస్ స్టీలు లోలోపల చీలుతుంది. పైకి చెప్పుకోదగ్గ తుప్పు లేకుండానే బోల్టు మనిషి బరువుకే తెగవచ్చు. థాయ్‌లాండ్‌లోని రైలే, టోన్‌సై తీరపు సున్నపురాతి గోడల మీద జరిగింది ఇదే. 1985లో స్విట్జర్లాండులోని ఉస్టర్ ఈతకొలను పైకప్పు కూలి 12 మంది పోవడానికీ కారణం ఇదే రకం పగుళ్లు, దాన్ని పట్టి ఉంచిన స్టెయిన్‌లెస్ కడ్డీల్లోనే.

వాన తగలని చూరు కింద బోల్టు క్షేమమనుకోవడం సహజం. నిజానికి అక్కడే ప్రమాదం ఎక్కువ. వానకు తడిసే బోల్టు మీది ఉప్పు కడుక్కుపోతుంది, చూరు కింద ఏళ్ల తరబడి పేరుకుంటుంది.

అంతర్జాతీయ పర్వతారోహణ సమాఖ్య తన 123వ ప్రమాణంలో యాంకర్లను తుప్పు తట్టుకునే శక్తినిబట్టి తరగతులు చేసింది. పైన చెప్పిన లోలోపలి పగుళ్లకు కూడా ఆగేది ఒకటో తరగతి. సముద్రపు ఒడ్డున కొట్టదగ్గది అదే, సాధారణంగా టైటానియంతో చేసి జిగురుతో బిగించే రకం. ధర 316కు ఎన్నో రెట్లు. అయితే తాడు మీద వేలాడుతూ డ్రిల్లు పట్టే శ్రమ రెండుసార్లు పడకపోవడమూ, రాయికి రెండోసారి చిల్లు పడకపోవడమూ కూడా ఆ ధరలో కలిసే ఉన్నాయి.

జిగురు రకానికి కన్నం శుభ్రతే ప్రాణం. బ్రష్షుతో తోమి, దుమ్ము ఊదేసి, మళ్లీ తోమాలి. విశాఖ కొండల ఖొండలైటు ఎండకూ వానకూ పొడిబారే రాయి. సుత్తితో కొడితే బోలుగా మోగే చోట ఏ లోహమూ నిలవదు.

కొనేటప్పుడు అయస్కాంత పరీక్షను నమ్మకూడదు. 304 గాని 316 గాని పెద్దగా అంటుకోవు, కాబట్టి అది ఏది ఏదో చెప్పలేదు. 304 జాతి బోల్టు మీద ఏ2, 316 జాతి మీద ఏ4 అని ముద్ర ఉంటుంది. ముద్ర లేని సరుకు విజయవాడ ఆటోనగర్‌లో ఎంత చవగ్గా దొరికినా గేటుకో తొట్టికో సరి.

బోల్టులు కొట్టిన ప్రతి ఎక్కుడు దారికీ లోహం, జిగురు, సంవత్సరం రాసి, తరవాత ఎక్కేవాళ్లకు దొరికే చోట ఉంచాలి. తీరం దగ్గర పాత స్టెయిన్‌లెస్ బోల్టు కనబడి, దాని వివరం ఎవరికీ తెలియకపోతే, మెరుస్తున్నా సరే, దాని మీద బరువు వేయకూడదు.

ఆశీస్సులతో,
పెదనాన్న