పనిచోట దొంగతనం నింద పడితే ఏం చేయాలి?

వినాయక చవితి నాడు అక్షింతలు పట్టుకుని వినే శమంతకమణి కథలో దొంగతనం నింద పడింది సాక్షాత్తు శ్రీకృష్ణుడి మీద. ఆయన "నేను కాదు" అని ఊరుకోలేదు. కొందరిని వెంటబెట్టుకుని అడవికి వెళ్లాడు. అడుగుజాడలు పట్టుకుని మణి ఉన్న చోటికి చేరాడు. తెచ్చి అందరి ఎదుట మణి యజమాని సత్రాజిత్తుకు అప్పగించాడు. నింద పోగొట్టుకోవడానికి అప్పుడైనా ఇప్పుడైనా కావలసినవి ఆధారం, సాక్షి.

బట్టల షోరూంలో క్యాషియర్, సూపర్‌మార్కెట్‌లో బిల్లింగ్ చేసే అమ్మాయి, గోదాంలో స్టోర్‌కీపర్, పార్శిళ్లు అందించే కుర్రాడు, నగల దుకాణంలో సేల్స్‌మన్... డబ్బుకో సరుకుకో దగ్గరగా మసిలే వాళ్లందరికీ ఈ ముప్పు ఉంది. రాత్రి గల్లా లెక్క తేలకపోతే మొదటి చూపు వాళ్ల మీదే. భయంతో తడబడితే "గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడు" అనేస్తారు. ఏ తప్పూ చేయని మనిషి అలాంటప్పుడు ఏం చేయాలో వరుసగా చెప్పుకుందాం. అన్నిటికంటే ముందు ఒక్క మాట గుర్తుంచుకోండి: గొడవ వదిలిపోతుందని డబ్బు కట్టేయడం, రాజీనామా ఇచ్చి వెళ్లిపోవడం నిందను తుడిచేయవు, ఖాయం చేస్తాయి.

1. మొదటి గంటలో తక్కువ మాట్లాడండి

మేనేజర్ గదిలోకి పిలిచి నిలదీసినప్పుడు ఏడుపూ కోపమూ తన్నుకొస్తాయి. ఎంత కష్టమైనా ఈ మూడు వాక్యాలు చెప్పి ఆగండి: "సర్, నేను తీయలేదు. విచారణకు పూర్తిగా సహకరిస్తాను. అడిగేది రాసి అడగండి, రాసి జవాబిస్తాను."

ఫలానా వాడు తీసి ఉంటాడని ఇంకొకరి పేరు చెప్పకండి. రుజువు లేకుండా మీరు వేసే నింద కూడా నిందే. ఫోన్‌లో మెసేజ్‌లు చెరిపేయకండి. బ్యాగు చూస్తామంటే ఇద్దరు తోటి ఉద్యోగుల ముందు మీరే తెరిచి చూపించండి. ఒంటిమీద చెయ్యి వేసి సోదా చేస్తామంటే ఒప్పుకోనవసరం లేదు. పోలీసులైనా సరే, ఆడవాళ్లను మహిళల చేతే, మర్యాదకు భంగం లేకుండా సోదా చేయించాలి.

గదిలో పెట్టి తలుపు వేసి "ఒప్పుకునేదాకా కదలనివ్వం" అంటే అది అక్రమ నిర్బంధం. భారతీయ న్యాయ సంహిత 127వ సెక్షన్ కింద దానికి ఏడాది దాకా జైలు, అయిదు వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఒప్పించడానికి కొడితే 120వ సెక్షన్ వర్తిస్తుంది, శిక్ష ఏడేళ్ల దాకా ఉంటుంది. వెంటనే 112కు ఫోన్ చేయండి, ఇంట్లో వాళ్లకు మీరున్న చోటు చెప్పండి. దెబ్బలు తగిలితే ఆ రోజే ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకుని చీటీ తీసుకోండి.

2. ఒప్పుకోలు, డబ్బు, రాజీనామా: మూడింటికీ "వద్దు" అనండి

"చూడు బాబూ, పొరపాటైందని ఒక ముక్క రాసివ్వు. పోలీసుల దాకా పోనివ్వను, నీ భవిష్యత్తు పాడవదు" అని మెత్తగా అడుగుతారు. ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. పోలీసు అధికారికి ఇచ్చిన ఒప్పుకోలును కోర్టులో నిందితుడి మీద రుజువుగా వాడకూడదని భారతీయ సాక్ష్య అధినియం 23వ సెక్షన్ చెబుతోంది. మేనేజర్‌కు మీ చేతితో రాసిచ్చిన కాగితానికి ఆ రక్షణ లేదు. దాన్ని కంపెనీ విచారణలోనూ కోర్టులోనూ చూపించగలరు. అందుకే పోలీసుల పేరు చెప్పి బెదిరించినా ఆ కాగితం రాయకండి.

బలవంతంగా సంతకం పెట్టించుకుంటే ఆ రాత్రే ఈమెయిల్ పంపండి: ఎవరు, ఎన్ని గంటలకు, ఏమని బెదిరించి రాయించారో రాసి, ఆ రాతను మీరు అంగీకరించడం లేదని స్పష్టంగా చెప్పండి. అధికారంలో ఉన్నవారు బెదిరించో ఆశ చూపో రాయించుకున్న ఒప్పుకోలు చెల్లదని అదే చట్టంలోని 22వ సెక్షన్ అంటుంది. కానీ బెదిరింపు జరిగిందని చూపించాల్సి వస్తుంది. నెల తర్వాత చెప్పే మాట కంటే ఆ రాత్రి ఈమెయిల్‌కు విలువ ఎక్కువ.

జీతంలో కోతకు కూడా పద్ధతి ఉంది. మీకు అప్పగించిన సొమ్ము మీ నిర్లక్ష్యం వల్లే నేరుగా పోయిందని తేలాలి, కోతకు ముందు మీ వివరణ వినాలి. ఖాళీ చెక్కు, ప్రామిసరీ నోటు, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరడిగినా ఇవ్వకండి.

"కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?" అని అడిగేవాళ్లు మన దగ్గర ఇంకా ఉన్నారు. అది మీ భక్తికి సంబంధించిన విషయం. చేసినంత మాత్రాన కేసు పోదు, చేయనంత మాత్రాన దొంగ అని తేలదు. లై డిటెక్టర్ పేరుతో బెదిరిస్తే, మనిషి ఒప్పుకోకుండా ఆ పరీక్ష చేయకూడదని 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సంగతి గుర్తుంచుకోండి.

3. ఆ రాత్రే అంతా రాసిపెట్టుకోండి

ఇంటికి వెళ్లగానే ఒక నోటుపుస్తకంలో ఆ రోజు జరిగినదంతా గంటల వారీగా రాయండి. డ్యూటీ ఎక్కిన టైము, ఎవరి దగ్గర ఎంత చిల్లర తీసుకున్నారు, భోజనానికి వెళ్లినప్పుడు కౌంటర్‌లో ఎవరు కూర్చున్నారు, తాళాలు ఎవరెవరి దగ్గర ఉన్నాయి, మీ లాగిన్ పాస్‌వర్డ్ ఇంకెవరికి తెలుసు, మిమ్మల్ని నిలదీసినప్పుడు గదిలో ఎవరున్నారు... అన్నీ రాయండి. తెలియని చోట "గుర్తు లేదు" అని రాయండి, ఊహించి నింపకండి. తర్వాత ఆరుసార్లు అడిగినా ఒకే మాట చెప్పడానికి ఈ కాగితమే ఆసరా.

4. కెమెరా రికార్డింగ్ దాచమని వెంటనే అడగండి

సీసీ కెమెరాల రికార్డింగ్ ఎప్పటికీ ఉండదు. హార్డ్ డిస్క్ నిండగానే పాత రోజుల మీద కొత్తవి రికార్డయిపోతాయి. చాలా దుకాణాల్లో కొద్ది వారాలే నిలుస్తుంది. మిమ్మల్ని కాపాడే దృశ్యం అలా చెరిగిపోకముందే, మర్నాడు ఉదయమే ఇలా రాయండి:

*"మేనేజర్ గారికి, నిన్న రాత్రి మూడో కౌంటర్‌లో డబ్బు తక్కువ వచ్చిందని, అది నేనే తీశానని మీరు నోటిమాటగా అన్నారు. ఆ ఆరోపణ నిజం కాదు. నిన్న ఉదయం షాపు తెరిచినప్పటి నుంచి రాత్రి మూసేవరకు ఆ కౌంటర్, క్యాష్ రూం కెమెరా రికార్డింగులు, బిల్లింగ్ లాగిన్ వివరాలు, రద్దు చేసిన బిల్లులు, కార్డు, యూపీఐ చెల్లింపుల రిపోర్టులు చెరిగిపోకుండా భద్రపరచమని కోరుతున్నాను. విచారణలో వాటిని నా ఎదుట పరిశీలించాలి. ఆరోపణ ఏమిటో రాతపూర్వకంగా ఇవ్వగలరు."*

ఈమెయిల్ చేయండి, లేదంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. కంపెనీ ఫైళ్లను మీరే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోకండి, అదో కొత్త నేరం కావచ్చు. భద్రపరచమని అడగండి, అంతే. మీ ఫోన్‌లో ఉన్న వాట్సాప్ సందేశాలకు స్క్రీన్‌షాట్లు తీసినా, అసలు సందేశాలున్న ఆ ఫోన్‌ను అమ్మకండి, ఫార్మాట్ చేయకండి.

5. లెక్క ఎక్కడ తప్పిందో వెతకండి

డబ్బు తక్కువ రావడం వేరు, దొంగతనం జరగడం వేరు. రెండో మాట అనే ముందు మొదటిదానికి కారణాలు చూడాలి. యూపీఐలో వచ్చిన డబ్బును బిల్లులో నగదుగా నొక్కితే ఆ మేరకు గల్లాలో తక్కువ కనిపిస్తుంది. సరుకు వెనక్కి తీసుకుని డబ్బు తిరిగిచ్చి, ఆ బిల్లు సిస్టంలో ఎక్కించకపోయినా అంతే. పొద్దున ఇచ్చిన చిల్లర సొమ్ము సరిగ్గా లెక్కపెట్టకుండా సంతకం చేయడం, రద్దీలో ఇద్దరు ఒకే లాగిన్ వాడటం, ఛాయ్‌కీ ఆటోకీ మేనేజరే గల్లాలోంచి తీసుకుని వోచర్ రాయకపోవడం కూడా తరచూ జరిగేవే.

గల్లాలో నోట్లు లెక్కపెట్టి రాసిన చీటీని, ఆ రోజు బిల్లింగ్ రిపోర్టును, బ్యాంకులో జమైన యూపీఐ మొత్తాన్ని పక్కపక్కన పెట్టి చూడాలని రాసి అడగండి. పోయిందంటున్న మొత్తానికి సమానమైన బిల్లు ఏదైనా ఉందేమో మొదట చూడమనండి. సరుకు తక్కువైతే వచ్చిన ఇన్వాయిస్, పాడైన సరుకు పుస్తకం, పక్క బ్రాంచికి పంపిన చలానా చూడాలి.

6. షోకాజ్ నోటీసుకు గడువులోగా జవాబివ్వండి

జవాబు క్లుప్తంగా ఉండాలి: ఏ ఆరోపణ, అది ఎందుకు నిజం కాదు, ఏ పత్రాలు చూడాలి, ఏ సాక్షులను పిలవాలి. విచారణకు తప్పకుండా వెళ్లండి. మీరు రాకపోతే ఏకపక్షంగా ముగించేస్తారు. ఆరోపణ పత్రం, ఆధారాల నకళ్లు ఇమ్మని, సాక్షులను ప్రశ్నించే అవకాశం కావాలని, తోడుగా ఒక సహోద్యోగిని అనుమతించమని కోరండి. విచారణలో జరిగినట్టు రాసినదంతా చదివి, సరిగ్గా ఉంటేనే సంతకం చేసి, నకలు తీసుకోండి.

ఒక సంగతి తెలిసి ఉండాలి. కోర్టులో నేరం సందేహానికి తావు లేకుండా రుజువు కావాలి. కంపెనీ విచారణలో "ఇలా జరిగే అవకాశమే ఎక్కువ" అనిపిస్తే చాలు. కాబట్టి పోలీసు కేసు లేదు కదా అని విచారణను తేలిగ్గా తీసుకోకండి. సస్పెండ్ చేస్తే, స్టాండింగ్ ఆర్డర్లు (ఉద్యోగ నిబంధనలు) వర్తించే సంస్థల్లో కార్మికులకు మొదటి 90 రోజులు సగం వేతనం, ఆ తర్వాత జాప్యం మీ వల్ల కాకపోతే 75 శాతం జీవన భృతిగా ఇవ్వాలి.

7. పోలీసులు పిలిస్తే

యజమాని సొత్తును ఉద్యోగి దొంగిలించాడని ఫిర్యాదు చేస్తే న్యాయ సంహిత 306వ సెక్షన్, నమ్మి అప్పగించినది కాజేశాడంటే 316(4) పెడతారు. రెండింటికీ గరిష్ఠ శిక్ష ఏడేళ్లు. ఏడేళ్ల దాకా శిక్షపడే కేసుల్లో యాంత్రికంగా అరెస్టు చేయకూడదని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహిత 35(3) కింద హాజరు కమ్మని నోటీసు ఇస్తారు. నోటీసు వస్తే తప్పించుకోకండి. వకీలుతో మాట్లాడి, చెప్పిన రోజుకు వెళ్లండి.

అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, ఇంట్లో వాళ్లకు తెలపాలి, 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు ఉంచాలి. విచారణ జరిగేటప్పుడు వకీలును కలిసే హక్కు మీకుంది. అసాధారణ పరిస్థితిలో, మేజిస్ట్రేటు అనుమతితో తప్ప సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం లోపు మహిళలను అరెస్టు చేయకూడదు. అరెస్టు భయం ఉంటే అదే సురక్షా సంహిత 482వ సెక్షన్ కింద ముందస్తు బెయిలు అడగవచ్చు.

వకీలుకు డబ్బు లేదని ఆగిపోకండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు, కస్టడీలో ఉన్నవారికి న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఫోన్ నంబరు 15100. ఇళ్లలో పనిచేసే అక్కచెల్లెళ్లకు ఈ నంబరు మరీ ముఖ్యం. నగ కనిపించలేదంటే వాళ్ల తరఫున అడిగే మనిషే ఉండడు.

8. ఉద్యోగం తీసేసినా, పేరు పాడుచేసినా

రెండు తెలుగు రాష్ట్రాల్లోని దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం ఆరు నెలలు వరుసగా పనిచేసిన ఉద్యోగిని తగిన కారణం, నెల నోటీసు లేదా దానికి బదులు జీతం లేకుండా తీసేయకూడదు. దుష్ప్రవర్తన అని నోటీసు లేకుండా తీసేయాలంటే విచారణ జరిపి, అందులో రుజువులు నమోదు చేసి ఉండాలి. విచారణే లేకుండా "రేపటి నుంచి రావద్దు" అంటే కార్మిక శాఖ అధికారి దగ్గర అప్పీలు చేయండి. ఆలస్యం చేస్తే గడువు దాటిపోతుంది. 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉన్న వేతనాల కోడ్ ప్రకారం తొలగించిన రెండు పనిదినాల్లో రావలసిన జీతం ఇచ్చేయాలి. మీ పీఎఫ్ సొమ్మును యజమాని పట్టి ఉంచడానికి వీల్లేదు.

ఫొటో పెట్టి "దొంగ" అని వాట్సాప్ గ్రూపుల్లో తిప్పితే పరువునష్టం కిందికి వస్తుంది. న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద మేజిస్ట్రేటుకు ఫిర్యాదు చేయవచ్చు. పరిహారం కోసం సివిల్ దావా వేయాలంటే ఏడాదిలోపే వేయాలి. అయితే మంచి ఉద్దేశంతో పోలీసులకు చేసిన ఫిర్యాదు పరువునష్టం కాదు. అబద్ధమని తెలిసీ, హాని చేయాలనే కేసు పెడితే అది నేరం, 248వ సెక్షన్ కిందికి వస్తుంది.

విచారణలో మీ తప్పు లేదని తేలితే అక్కడితో సంతోషపడి ఆగకండి. ఆ మాట రాసి ఉన్న ఉత్తరం, సస్పెన్షన్ కాలపు జీతం, అనుభవ పత్రం అడిగి తీసుకోండి. తర్వాతి ఉద్యోగంలో ఎవరైనా ఆరా తీస్తే చూపించేది ఆ ఉత్తరమే.

చివరగా తోటి ఉద్యోగులకు ఒక విన్నపం. పక్క కౌంటర్ మనిషి మీద నింద పడితే వెనక గుసగుసలాడకండి. మీరు చూసింది చూసినట్టు, తేదీ వేసి, సంతకం చేసి రాసివ్వండి. ఆ ఒక్క కాగితం ఒక కుటుంబం పరువును, పొట్టకూటిని నిలబెడుతుంది.