వెన్నుదన్ను

కురుక్షేత్ర సంగ్రామంలో పదవ నాటి సాయంకాలం భీష్ముడు రథం మీది నుంచి ఒరిగిపోయాడు. ఒడలంతా నాటుకొన్న బాణాలే ఆయనకు పాన్పు అయ్యాయి. శల్యాలను పెరికివేయడంలో ఆరితేరిన వైద్యులను దుర్యోధనుడు వెంటబెట్టుకొని వచ్చాడు. పితామహుడు వారికి తగిన ధనమిచ్చి, సత్కరించి, పంపివేయమన్నాడు. వైద్యులు వచ్చిన దారినే మరలిపోయారు. స్వచ్ఛందమరణాన్ని వరంగా పొందినవాడు గనుక ఉత్తరాయణం కోసం వేచి ఉండడం భీష్మునికి చెల్లింది. అటువంటి వరమేదీ లేని సామాన్య సైనికుడు వెన్ను విరిగి నేలకొరిగితే అతని గతి ఏమిటి?

వేల సంవత్సరాలపాటు ఈ ప్రశ్నకు వైద్యశాస్త్రం వద్ద సమాధానం లేదు. క్రీస్తు పూర్వం 1600 ప్రాంతానికి చెందిన ఒక ఈజిప్టు వైద్యగ్రంథం నేటికీ లభిస్తున్నది. ఎడ్విన్ స్మిత్ పపైరస్ అని దానికి పేరు. మెడ ఎముక తొలగి, కాలుసేతులు స్వాధీనం తప్పిన రోగిని అందులో చక్కగా వర్ణించారు. లక్షణాలన్నీ సరిగానే గుర్తించారు. కాని చివరకు అది చికిత్సకు లొంగని వ్యాధి అని తేల్చి వదిలివేశారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి కూడ పరిస్థితి పెద్దగా మారలేదు. వెన్నుపాము తెగిన సైనికులలో అత్యధికులు కొన్ని వారాలలో, మహా అయితే కొన్ని నెలలలో మరణించేవారు. వారి ప్రాణాలు తీసినవి తుపాకీ గుండ్లు కావు. పడక పుండ్లు, మూత్రాశయానికి సోకిన చీము వారిని బలిగొన్నాయి. అంటే గాయం చంపలేదు, గాయం తరువాతి అలక్ష్యం చంపింది.

వెన్నుపాము అంటే వెన్నెముక కాదు. ఈ రెండింటిని ఒకటిగా భావించేవారు చదువుకొన్నవారిలోను ఉన్నారు. వెన్నెముక పూసలు పేర్చిన కోట వంటిది. ఆ కోట లోపల, మెదడు నుంచి నడుము దాకా చిటికెన వేలంత మందాన సాగే సుకుమారమైన నరాల మోకు వెన్నుపాము. రాజాజ్ఞలు పొలిమేరలకు పోవడానికి, పొలిమేరల వార్తలు రాజుకు చేరడానికి ఉన్నది ఈ ఒక్క రాచబాటే. మెడ వద్ద ఈ బాట తెగితే చేతులు, కాళ్లు రెండూ చచ్చుబడతాయి. వీపు మధ్యలోనో అంతకు దిగువనో తెగితే చేతులు మిగులుతాయి, కాళ్లు పోతాయి. అందరూ నడక పోయిందనే జాలిపడతారు. నిజానికి నడక పోవడం ఈ విపత్తులో ఒక భాగం మాత్రమే. పొలిమేరలో కోట తగులబడుతున్నా రాజుకు కబురందకపోవడం అంతకంటె పెద్ద విపత్తు. కాలిన చర్మం, విరిగిన ఎముక, నిండిన మూత్రాశయం ఏ ఒక్కటీ తన బాధను చెప్పుకోలేదు.

ఈ స్థితిలో ఉన్నవారిని బతికించవచ్చునని పట్టుపట్టి చూపినవారిలో ప్రముఖుడు లుడ్విగ్ గుట్‌మన్. ఈయన 1899లో నాటి జర్మనీలోని సైలీషియా ప్రాంతంలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. 1917లో, ఇంకా వైద్యవిద్యలో చేరకముందే, ఒక ఆసుపత్రిలో స్వచ్ఛంద సేవకుడుగా పనిచేస్తూ, వెన్ను విరిగిన ఒక బొగ్గుగని కార్మికుణ్ణి చూశాడు. దృఢకాయుడైన ఆ యువకుడు కొద్ది వారాలలోనే కన్నుమూశాడు. అతని గురించి ఎక్కువగా రాసుకోనవసరం లేదని పెద్ద వైద్యులు ఆనాడే తేల్చివేశారట. ఆ దృశ్యం గుట్‌మన్ మనస్సులో నాటుకుపోయింది. నరాల వైద్యంలో ఆయన నిష్ణాతుడయ్యాడు. కాని నాజీల ఏలుబడిలో యూదు వైద్యులకు చోటు లేకపోయింది. 1939లో భార్యాబిడ్డలతో ఇంగ్లండు చేరుకొన్నాడు.

రెండవ ప్రపంచ యుద్ధం ముగింపు దశకు వస్తున్నది. ఐరోపా తీరంపై దండెత్తితే గాయపడినవారు పెద్దసంఖ్యలో వస్తారని ఊహించిన బ్రిటిష్ ప్రభుత్వం, వెన్నుపాము గాయాలకోసం స్టోక్ మాండవిల్ అనే ఊరిలో ప్రత్యేక విభాగాన్ని నెలకొల్పి, 1944 ఫిబ్రవరిలో దానిని గుట్‌మన్‌కు అప్పగించింది. ఆయన చేసిన మొదటి పనిలో అద్భుతమేమీ లేదు. ప్రతి రోగిని రెండు గంటలకొకసారి, పగలనక రాత్రనక, ఒక పక్కనుంచి మరొక పక్కకు తిప్పించాడు. ఒకేచోట శరీరభారం ఆని ఉంటే అక్కడ రక్తప్రసారం నిలిచి కండ కుళ్లుతుంది. తిప్పుతూ ఉంటే కుళ్లదు. అర్ధరాత్రి వేళ తానే వార్డులోకి వచ్చి, తిప్పారా లేదా అని చూసేవాడు. పనివారికి ఆయన అంటే హడలు. రోగులు మాత్రం ఆయనను చనువుగా ‘పాపా’ అని పిలుచుకొనేవారు. ఏ మహా ఔషధమూ సాధించలేనిదాన్ని ఈ పక్క తిప్పడం సాధించిందంటే, అప్పటిదాకా అది చాలామందికి తోచకపోవడమే ఆశ్చర్యం. లేదా తోచినా, చావబోయేవాడికోసం ఇంత శ్రమ ఎందుకని ఊరకున్నారేమో!

ప్రాణం నిలిచిన తరువాత బతుకు మాట వచ్చింది. మంచాలపై ఉన్నవారికి వడ్రంగం, గడియారాల మరమ్మతు నేర్పించాడు. చక్రాల కుర్చీలలో కూర్చోబెట్టి ఆటలాడించాడు. 1948 జూలై 29న, లండను ఒలింపిక్ క్రీడలు ప్రారంభమైన రోజునే, ఆసుపత్రి పచ్చికలో విలువిద్య పోటీ జరిపించాడు. అందులో పాల్గొన్నవారు పదహారుగురు, అందరూ గాయపడిన సైనికులే. ఆ చిన్న పోటీయే పెరిగి పెద్దదై పారాలింపిక్ క్రీడలకు నాంది అయింది. 1965 యుద్ధంలో తూటాలు తగిలి నడక కోల్పోయిన భారత సైనికుడు మురళీకాంత్ పేట్కర్ 1972లో హైడెల్‌బర్గ్ పారాలింపిక్స్‌లో యాభై మీటర్ల ఈతలో స్వర్ణపతకం గెలిచాడు. ఈత ఆయనకు మొదట చికిత్సగానే అలవడింది. 2018లో ఆయనను పద్మశ్రీ వరించింది.

పతకాల కథలు అందరికీ నచ్చుతాయి. అయితే పతకం గెలవని వేలమంది సైనికులు ఇంటికి వెళ్లిన తరువాత ముప్పై, నలభై సంవత్సరాలు ఎలా జీవించారన్నది అంతకంటె ముఖ్యమైన కథ. అది జరిగేది క్రీడాప్రాంగణంలో కాదు, ఆసుపత్రి బాహ్యరోగుల విభాగంలో. జనవ్యవహారంలో దానినే ఓపీ అంటారు. అమెరికాలో మాజీ సైనికులకోసం ప్రభుత్వం నడిపే ఆసుపత్రులలో వెన్నుపాము గాయాలకు ప్రత్యేక కేంద్రాలున్నాయి. గాయపడిన ప్రతి సైనికుణ్ణి ఏడాదికొకసారి ఆపాదమస్తకం పరీక్షించే అవకాశం అక్కడ కల్పించారు. వియత్నాం యుద్ధంలో ఇరవై ఏండ్ల ప్రాయంలో గాయపడిన యువకులు ఈనాడు డెబ్బై దాటిన వృద్ధులుగా ఆ గదులలోకి వస్తున్నారు.

ఆ గదిలో కూర్చున్న వైద్యుని పని విలక్షణమైనది. సాధారణంగా వైద్యుడు రోగిని ఎక్కడ నొప్పి అని అడుగుతాడు. ఇక్కడ ఆ ప్రశ్నకు అర్థం లేదు. అందుచేత ఆయన చూపుతోను, వేళ్లతోను వెదకాలి. కుర్చీలోనుంచి రోగిని పరీక్షబల్ల మీదికి చేర్చి, పిరుదులు, తుంటి, మడమలు పరిశీలించాలి. చర్మం పగలకుండా, ఒత్తినా రంగు మారని ఎర్రని మచ్చ ఒక్కటి కనిపించినా అది రాబోయే పుండుకు మొదటి కబురు. ఆ దశలో కొద్ది రోజులు దానిపై భారం పడకుండా చూస్తే మానుతుంది. ఉపేక్షిస్తే పుండు ఎముక దాకా పోతుంది. నెలల తరబడి బోర్లా పడుకోవలసి వస్తుంది. అందుకే ఇటువంటివారు పొడవాటి పిడి ఉన్న అద్దం దగ్గర ఉంచుకొని రోజూ తమ వెనుకభాగాన్ని చూసుకొంటారు. పావుగంటకో, అరగంటకో ఒకసారి చేతులపై ఊని శరీరాన్ని పైకెత్తుతారు, లేదా పక్కకు ఒరుగుతారు.

వాచిన మోకాలు మరొక ఉదాహరణ. నడవని కాళ్లలో ఎముకలు క్రమంగా గుల్లబారుతాయి. మంచం మీదినుంచి కుర్చీలోకి మారేటప్పుడు చిన్న మెలిక పడినా విరుగుతాయి. విరిగిన సంగతి ఆ మనిషికి తెలియదు. వాపు, వెచ్చదనం చూసి వైద్యుడు ఎక్స్‌రే తీయిస్తే అప్పుడు బయటపడుతుంది. భుజాల కథ ఇందుకు విరుద్ధం. భుజాలలో స్పర్శ ఉన్నవారికి అక్కడ నొప్పి బాగా తెలుస్తుంది. కుర్చీ చక్రాలు తిప్పేది, మంచం మీదికి శరీరాన్ని లాగేది అవే. కాళ్ల పని, చేతుల పని రెండూ చేసి ముప్పై ఏండ్లకు అవి అరిగిపోతాయి. భుజానికి విశ్రాంతి ఇమ్మని చెప్పడం తేలిక. కాని నడిచేవానికి కాళ్లు కదపవద్దని చెప్పడం ఎటువంటిదో ఇదీ అటువంటిదే.

అన్నిటికంటె ప్రమాదకరమైనది అటనామిక్ డిస్‌రిఫ్లెక్సియా అనే స్థితి. మెడ దగ్గరగాని, ఛాతీ పైభాగానగాని గాయమైనవారికి ఇది వస్తుంది. మూత్రగొట్టం మెలికపడి మూత్రాశయం నిండిపోతుంది, లేదా కాలిగోరు కండలోకి దిగబడుతుంది. ఆ బాధ మెదడుకు చేరదు. కాని గాయానికి దిగువనున్న నరాలు రక్తనాళాలను బిగించివేస్తాయి. వాటిని సడలించుమన్న మెదడు ఆజ్ఞ కిందికి దిగదు. రక్తపోటు చివాలున పెరుగుతుంది. తల పగిలేంత నొప్పి, ముఖం ఎర్రబారడం, నుదుట చెమటలు దీని గుర్తులు. మూత్రాశయం నిండడంవల్ల కలిగే ఈ మార్పులను గుట్‌మన్, విటరిడ్జ్ అనే మరొక శాస్త్రజ్ఞునితో కలిసి 1947లోనే వివరించాడు.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. మెడ గాయమైనవారిలో పై రక్తపోటు మామూలుగానే తక్కువ, తొంభై దరిదాపుల్లో ఉండవచ్చు. అది 135కు చేరిందనుకొందాం. కొత్త వైద్యుడు ఆ అంకె చూసి ఫరవాలేదంటాడు. రోగి పూర్వాపరాలు తెలిసిన ఓపీ వైద్యునికి మాత్రం అది ప్రమాద ఘంటిక. తక్షణం రోగిని నిటారుగా కూర్చోబెడతాడు. బిగువైన దుస్తులు, పట్టీలు వదులు చేయిస్తాడు. మూత్రగొట్టం మెలిక సరిచేస్తాడు. చాలాసార్లు అంతటితోనే రక్తపోటు దిగివస్తుంది. ఆలస్యమైతే మెదడులో రక్తనాళం చిట్లవచ్చు. అందువల్లనే ఈ స్థితిని గురించి, తమ మామూలు రక్తపోటును గురించి రాసిన చిన్న కార్డును రోగులు జేబులో ఉంచుకొంటారు. తెలియని ఊరిలో తెలియని ఆసుపత్రికి చేరితే, వైద్యునికి పాఠం చెప్పవలసినవాడు రోగియే.

శరీర పరీక్ష ముగిసినా వైద్యుని ప్రశ్నలు ముగియవు. ఇంటి వాకిలి ఎంత వెడల్పు? స్నానాలగదిలోకి కుర్చీ పోతుందా? రాత్రిపూట పక్క తిప్పేది ఎవరు? “ఈ ఏడాది మీ శ్రీమతి ఆరోగ్యం ఎలా ఉంది?” అని అడిగినప్పుడు, తన సంగతి అంతసేపు నిబ్బరంగా చెప్పిన సైనికుడు తల దించుకోవడం కద్దు. నలభై ఏండ్లుగా తనను ఎత్తి దింపిన ఆమె నడుము కూడ వంగిపోయింది. రోగి రక్తపరీక్షల కాగితంలో ఈ విషయం ఉండదు. కాని వచ్చే ఏడాది అతని చర్మం ఎలా ఉంటుందన్నది చాలావరకు దీనిపైనే ఆధారపడుతుంది. పడక లేపే యంత్రం, సహాయకుడు, సరైన మెత్త, వీటికోసం వైద్యుడు రాసే ఉత్తరాలు మందుచీటీలకంటె తక్కువ విలువైనవి కావు.

మన దేశంలోను ఇటువంటి ప్రయత్నం ఉన్నది. పుణె సమీపాన ఖడ్కీలోను, పంజాబులోని మొహాలీలోను నడుము కింద చచ్చుబడిన సైనికులకోసం పునరావాస కేంద్రాలు వెలిశాయి. మాజీ సైనికుల ఓపీ వైద్యంకోసం 2003లో ప్రత్యేక ఆరోగ్య పథకం ఆరంభమైంది. అయితే ఇంటింటినుంచి సైన్యానికి బిడ్డలను పంపిన మిలటరీ మాధవరం వంటి ఊళ్లు తెలుగునాట ఉన్నాయి. అటువంటి పల్లెకు వెన్ను విరిగి తిరిగివచ్చే జవానుకు మొదట అడ్డుపడేది శత్రువు కాదు, ఇంటి గడప. ఎత్తయిన అరుగు, బురద వీధి, పెరటి చివరనున్న మరుగుదొడ్డి అతనికి దాటరాని కొండలు. పట్నంలోని ఆసుపత్రికి పోవడానికి కుర్చీ ఎక్కే బస్సు ఉండదు. నలుగురు మోస్తేనే ప్రయాణం. నలుగురిని అడగడం ఆత్మాభిమానం గల సైనికునికి కష్టం. ఆ సంకోచంవల్లనే ఎర్రని మచ్చ దశలో రావలసినవారు పుండు ముదిరిన తరువాత వస్తారు.

ఈ కారణంగా ఈ శాఖలో అనుభవం గడించిన వైద్యులు వచ్చిన రోగులతోపాటు రానివారి జాబితాను కూడ చూస్తారు. సాయంకాలం ఓపీ ముగిసే వేళకు ఒక పేరు ఎదుట గుర్తు పడలేదంటే, నర్సు ఆ ఇంటికి ఫోను చేస్తుంది. వ్యాను మెట్టు పాడయిందని అవతలి గొంతు చెబుతుంది, ఆరోగ్యం బాగానే ఉన్నదని, వచ్చే నెల వస్తామని అంటుంది. వైద్యుడు ఫోను తాను అందుకొంటాడు. అద్దంలో చూసుకొన్నారా అని అడుగుతాడు. అవతల కాసేపు మౌనం. ఎడమ తుంటి మీద ఏదో ఎర్రగా ఉన్నదని, నాలుగు రోజులైందని సమాధానం వస్తుంది. ఈ రాత్రికి కుర్చీలో కూర్చోవద్దని చెప్పి, రేపు ఉదయానికి బండి పంపే ఏర్పాటు చేయమని ఆయన నర్సుకు సైగ చేస్తాడు.