కార్డు చెల్లని చోట

చిరంజీవి సుజాతకు,

గట్టు ఊళ్లో ఆశా కార్యకర్తగా చేరిన నెలలోనే మంచి ప్రశ్న పంపినావు బిడ్డా. "ఆరోగ్యశ్రీ కార్డు మీద బీడీ మాన్పించే మందు ఇయ్యరా?" అని ఊరోళ్లు అడిగితే ఏం చెప్పాలన్నావు. ఇయ్యరు అనే చెప్పు. కానీ మాట అక్కడ ఆపకు.

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదట వచ్చిన మూడు జిల్లాల్లో మన పాత మహబూబ్‌నగర్ ఒకటి. తక్కినవి అనంతపురం, శ్రీకాకుళం. గుండె ఆపరేషన్‌కనీ క్యాన్సర్‌కనీ ఉన్న చెలకలు అమ్ముకునే రోజులవి. అందుకని పథకాన్ని పెద్ద జబ్బుల చుట్టూ కట్టినారు. 2023 డిసెంబర్‌లో మన రాష్ట్రంలో చికిత్స పరిమితిని ఏడాదికి పది లక్షల దాకా పెంచినారు కూడా. గుండెకు స్టెంటు వేస్తే కార్డు చెల్లుతుంది, గొంతు క్యాన్సర్‌కు కరెంటు పెడితే చెల్లుతుంది. అవి రాకుండా బీడీ మానేవాడికి మాత్రం ఆ జాబితాలో చోటు లేదు. ఇది పథకంలో ఉన్న లోటేనని నా అభిప్రాయం. అమెరికాలో 2010 నాటి చట్టం ప్రకారం పొగాకు మాన్పించే సలహాకు, మందులకు చాలావరకు బీమా కంపెనీలే ఖర్చు భరించాలి, రోగి దగ్గర వసూలు చేయకూడదు.

మన దగ్గర మాన్పించే పని కార్డు లేకుండానే జరగాలి, నీ చేతుల మీదుగా. ముప్పై ఏళ్లు దాటిన ప్రతి మనిషికీ నువ్వు నింపే ఫారంలో వయసు, నడుము కొలత, మందు తాగే అలవాటు, ఇంట్లో ఎవరికైనా బీపీ షుగర్లు ఉన్నాయా అన్నవాటితో పాటు పొగాకు గడి ఉంటుంది. ఎన్నడూ ముట్టకపోతే సున్నా, అప్పుడప్పుడూ అయితే ఒకటి, రోజూ అయితే రెండు. అన్ని గడుల మొత్తం నాలుగు దాటినవాళ్లను ముందుగా పరీక్షలకు పంపాలి. అబద్ధాలు ఎక్కువగా వచ్చేది పొగాకు గడిలోనే. కోడలు ముందర అడిగితే ఏ మామా నిజం చెప్పడు. "బీడీ తాగుతావా మామా" అనకు, "పొద్దున లేచినాక ఎంతసేపటికి మొదటి బీడీ ముట్టిస్తావు" అని అడుగు. అరగంటలోపే అన్నాడా, అలవాటు గట్టిగా పట్టిందన్నమాట. ఆడవాళ్లను అసలు అడగకుండా వదిలేస్తారు చాలామంది. తంబాకు నమిలేవాళ్లు వాళ్లలోనూ ఉన్నారు. సీడు పత్తి పూలు క్రాసింగ్ చేసే రోజుల్లో పగలు ఇంటికి పోతే తాళాలే కనబడతాయి, చేను గట్టుకే పోవాలి.

నోరు తెరిపించి చూసేది దవాఖానవాళ్లే గానీ, పంపాల్సింది నువ్వు. బుగ్గ లోపల తెల్లమచ్చో ఎర్రమచ్చో ఉన్నా, రెండు వారాలైనా మానని పుండు ఉన్నా, నోరు పూర్తిగా తెరుచుకోకపోయినా పల్లె దవాఖానకు తోలుకపో. అక్కడ బీపీ, షుగర్ పరీక్షలకు పైసా తీసుకోరు.

ఇక మానడం సంగతి. సిగరెట్ పెట్టె మీద, తంబాకు పొట్లం మీద 1800-11-2356 అని నంబరు ఉంటుంది. అది 2016లో మొదలైన ఉచిత ఫోను. మానే తేదీ పెట్టిస్తారు, తర్వాత వాళ్లే తిరిగి చేసి ఎట్లున్నావని కనుక్కుంటారు. మొదటి మూడు నాలుగు రోజులు చిరాకు, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం ఎక్కువ. నాలుగు వారాలకు చాలామటుకు తగ్గుతాయి. ఇది ముందే చెప్పకపోతే "మానితే జబ్బు చేసింది" అని మళ్లీ ముట్టిస్తారు. మానిన ఏడాదికి గుండెజబ్బు ముప్పు సగానికి దిగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అరవై ఏళ్లవాడికి ఈ మాట తప్పక చెప్పు, ఇంకేం లాభమని వాళ్లే ముందు చేతులెత్తేస్తారు.

నికోటిన్ గమ్ము రెండు మిల్లీగ్రాములది చీటీ లేకుండానే మెడికల్ షాపులో దొరుకుతుంది. నాలుగు మిల్లీగ్రాములదానికి డాక్టర్ చీటీ కావాలి. మనవాళ్లు దాన్ని చూయింగ్ గమ్ములా పరపర నమిలి, గొంతు మండుతోందని ఉమ్మేస్తారు. కొన్నిసార్లు నమిలి, నాలుక చురుక్కుమనగానే బుగ్గకూ చిగురుకూ నడుమ పెట్టుకోవాలి. చురుకు తగ్గినాక మళ్లీ నమలాలి. దానికి ముందు పావుగంట చాయ్ తాగొద్దు. గర్భిణులు, ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్లు డాక్టర్‌ను అడగకుండా వాడొద్దు.

ప్రైవేటు ఆరోగ్య బీమా పాలసీ కొనేవాళ్లు కూడా నిన్ను అడుగుతారు. దరఖాస్తులో పొగాకు ప్రశ్న ఉంటుంది. ప్రీమియం పెరుగుతుందని ఏజెంటు "లేదు" అని రాయబోతే సంతకం పెట్టొద్దని చెప్పు. రేపు క్లెయిమ్ దగ్గర ఆ అబద్ధమే అడ్డం పడుతుంది, అప్పుడు ఏజెంటు ఫోను ఎత్తడు. కొన్ని పాలసీల్లో ఏడాదికోసారి ఉచిత పరీక్షలు ఉంటాయి, అడిగి రాయించుకోమను. పాత పద్ధతిలో ఆదాయపు పన్ను కట్టే మన టీచర్లకు ముందస్తు పరీక్షల ఖర్చు మీద ఐదు వేల దాకా మినహాయింపు ఉంది.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతున్నా. ఫారంలో పొగాకు గడి ఖాళీగా పెట్టి పైకి పంపకు. నేను సూపర్‌వైజర్‌గా ఉన్నప్పుడు అట్లాంటివి వెనక్కి పంపేవాణ్ని, ఇప్పుడున్నవాళ్లు చూస్తారో లేదో నాకు తెలియదు.

ఇట్లు,
మీ పెద్దనాయన