సాగునీటి క్షారత్వం: ఇంటి వద్ద పరీక్ష, ఫలితాల అన్వయం

బోరు నీటి మంచిచెడ్డలను గ్రామాలలో చాలాకాలంగా వంటింటి అనుభవంతోనే నిర్ణయిస్తున్నారు. కందిపప్పు త్వరగా ఉడికి, సబ్బు బాగా నురగనిస్తే అది మంచి నీరు. పప్పు ఉడకక, సబ్బు విరిగిపోతే అది గట్టి నీరు. వంటకూ, బట్టలు ఉతకడానికీ ఈ నిర్ణయం సరైనదే. నేల విషయంలో మాత్రం ఇది తరచు తలకిందులవుతుంది. కాల్షియం, మెగ్నీషియం తక్కువగానూ, సోడియం బైకార్బొనేట్ ఎక్కువగానూ ఉన్న నీటిలో పప్పు త్వరగా ఉడుకుతుంది. అదే నీటిని ఏళ్ల తరబడి పారించిన నేల క్రమంగా కారు చౌడుగా మారుతుంది. ఈ ప్రమాదాన్ని ముందుగా గుర్తించడానికి రెండు సులభమైన పరీక్షలు చాలు. వాటిని రైతు ఇంటి వద్దనే చేయవచ్చు.

పీహెచ్, క్షారత్వం ఒకటి కావు

నీటి పరీక్ష అనగానే చాలామంది పీహెచ్ కాగితాన్ని ఆశ్రయిస్తారు. పీహెచ్ భావనను 1909లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్‌సెన్ ప్రవేశపెట్టాడు. బీరు తయారీ సంస్థకు అనుబంధంగా ఏర్పడిన ప్రయోగశాల అది. అయితే బీరు తయారీదారులు సైతం నీటి పీహెచ్ కంటే దాని క్షారత్వానికే ఎక్కువ ప్రాధాన్యం ఇస్తారు. ఆ క్షణంలో నీటి ఆమ్ల లేక క్షార స్థితిని పీహెచ్ తెలుపుతుంది. ఆమ్లాన్ని తటస్థీకరించగల శక్తి నీటిలో ఎంత నిల్వ ఉన్నదో క్షారత్వం తెలుపుతుంది. పీహెచ్ 7.8 ఉన్న రెండు నీళ్లలో ఒకదాని క్షారత్వం లీటరుకు 100 మిల్లీగ్రాములు, మరొకదానిది 400 మిల్లీగ్రాములు ఉండవచ్చు. ఈ తేడాను పీహెచ్ కాగితం పట్టుకోలేదు.

సాధారణ భూగర్భ జలాలలో క్షారత్వానికి ప్రధాన కారణం బైకార్బొనేట్లు. దీనిని కాల్షియం కార్బొనేట్ తుల్యంగా లెక్కిస్తారు. లీటరుకు 50 మిల్లీగ్రాములు ఒక మిల్లీతుల్యాంకానికి సమానం.

నమూనా సేకరణ

మోటారును కనీసం 10 నిమిషాలు నడిపిన తరువాత, అదే నీటితో సీసాను రెండు మూడు సార్లు కడిగి, గాలి మిగలకుండా అంచు వరకు నింపి మూత బిగించాలి. కార్బన్ డయాక్సైడ్ బయటకు పోతే పీహెచ్ పెరుగుతుంది; క్షారత్వం మాత్రం మారదు. అయితే నిల్వ ఉన్న నీటిలో సున్నం పేరుకుంటే క్షారత్వం కూడా తగ్గుతుంది. కాబట్టి అదే రోజు పరీక్షించడం ఉత్తమం. క్లోరిన్ కలిపిన కుళాయి నీటిలో సూచిక రంగు వెలిసిపోతుంది. అటువంటి నమూనాకు ముందుగా ఒక చుక్క సోడియం థయోసల్ఫేట్ ద్రావణం చేర్చాలి.

పరీక్షా విధానం

ద్రావణాలను ప్రయోగశాలలో తయారుచేసి రైతులకు అందించాలి. గాఢ ఆమ్లాన్ని పలుచన చేసే పని రైతుకు అప్పగించరాదు.

1. క్షారత్వం: 10 మి.లీ. నీటిలో రెండు చుక్కల మిథైల్ ఆరెంజ్ వేయాలి. 0.02 నార్మల్ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని 0.1 మి.లీ. గీతలున్న సిరంజితో కొద్దికొద్దిగా చేర్చుతూ కలపాలి. పసుపు రంగు నారింజకు తిరిగిన వెంటనే ఆపాలి. ఖర్చయిన ప్రతి మి.లీ. ఆమ్లం లీటరుకు 100 మిల్లీగ్రాముల క్షారత్వానికి సమానం.

2. కఠినత్వం: మరో 10 మి.లీ. నీటిలో పీహెచ్ 10 గల అమ్మోనియా బఫరు కొన్ని చుక్కలు, ఎరియోక్రోమ్ బ్లాక్ టి సూచిక చిటికెడు వేసి, 0.01 మోలార్ ఈడీటీఏ ద్రావణం చేర్చాలి. ముదురు ఎరుపు పూర్తిగా నీలంగా మారినప్పుడు ఆపాలి. ఇక్కడ కూడా ఒక మి.లీ. లీటరుకు 100 మిల్లీగ్రాములకు సమానం.

ఫలితాల అన్వయం

కార్బొనేట్, బైకార్బొనేట్ల మొత్తం నుండి కాల్షియం, మెగ్నీషియంల మొత్తాన్ని తీసివేస్తే మిగిలేది అవశేష సోడియం కార్బొనేట్. ఈటన్ 1950లో ప్రతిపాదించిన ఈ కొలమానం ప్రకారం లీటరుకు 1.25 మిల్లీతుల్యాంకాల లోపు ఉన్న నీరు సురక్షితం, 1.25 నుండి 2.5 వరకు ఉన్నది మధ్యస్థం, 2.5కు మించినది సాగుకు తగదు. పై రెండు పరీక్షలలో ఖర్చయిన ద్రావణాల తేడాను 2తో గుణిస్తే ఈ విలువ నేరుగా లభిస్తుంది.

ఉదాహరణకు రెండు బావులను తీసుకోవచ్చు. రెండింటి పీహెచ్ 7.8, రెండింటికీ ఆమ్లం 4.0 మి.లీ. ఖర్చయింది. ఈడీటీఏ మొదటి బావి నీటికి 1.0 మి.లీ., రెండవ దానికి 4.2 మి.లీ. పట్టింది. మొదటి నీటి అవశేష విలువ 6.0; రెండవ దానిలో అవశేషమే లేదు. వంటింటి లెక్కలో మంచిదైన మొదటి నీరే నేలకు హాని చేస్తుంది. నేల ఆరినప్పుడు బైకార్బొనేట్లు నేలలోని కాల్షియాన్ని సున్నంగా అవక్షేపింపజేస్తాయి. బంకమట్టి రేణువులపై సోడియం వాటా పెరిగి, రేణువులు విడిపోయి, నీరు ఇంకడం మందగిస్తుంది.

ఒక మిల్లీతుల్యాంకాన్ని సరిచేయడానికి 1000 లీటర్ల నీటికి 86 గ్రాముల శుద్ధ జిప్సం అవసరం. మొదటి బావి నీటిని 6.0 నుండి 2.5కు తేవాలంటే 1000 లీటర్లకు 301 గ్రాములు కావాలి. ఎకరాకు 5 సెం.మీ. తడి, అంటే సుమారు 2 లక్షల లీటర్లు ఇస్తే తడికి సుమారు 61 కిలోలు పడుతుంది. జిప్సం స్వచ్ఛత 70 శాతమైతే 87 కిలోలు వాడాలి.

బిందు సేద్యంలో ఆమ్ల మోతాదు

రెండవ బావి నీరు నేలకు ఆ హాని చేయకపోయినా డ్రిప్పర్లలో సున్నం పేరుస్తుంది. పీహెచ్ 7.5కు, బైకార్బొనేట్ 2 మిల్లీతుల్యాంకాలకు మించినప్పుడు ఈ సమస్య తలెత్తుతుంది. క్షారత్వంలో సగం తటస్థీకరిస్తే పీహెచ్ సుమారు 6.4కు చేరుతుంది. ఈ నీటి క్షారత్వం 8 మిల్లీతుల్యాంకాలు కనుక 1000 లీటర్లకు 98 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లం సుమారు 110 మి.లీ. కావాలి. అదే మోతాదును క్షారత్వం 100 మిల్లీగ్రాములే ఉన్న పొరుగు బావి నీటికి వాడితే పీహెచ్ 3 కంటే దిగువకు పడిపోయి, వేళ్లు, లోహపు భాగాలు దెబ్బతింటాయి. అందువల్ల పీహెచ్ మాత్రమే చూసి అందరికీ ఒకే మోతాదు సిఫారసు చేయరాదు. ఆమ్లాన్ని ఎల్లప్పుడూ నీటిలోకే పోయాలి. ఆమ్లంలోకి నీరు పోయరాదు.

పరిమితులు

సిరంజి పఠనంలో 0.1 మి.లీ. పొరపాటు అవశేష విలువను 0.2 మేర మారుస్తుంది. రెండు పరీక్షలలోనూ పొరపాటు జరిగితే తేడా 0.4 వరకు ఉండవచ్చు. కాబట్టి ఫలితం 1.25 లేక 2.5కు దగ్గరగా వచ్చినప్పుడు 50 మి.లీ. నమూనాతో బ్యూరెట్ ద్వారా తిరిగి పరీక్షించాలి. ఈ పరీక్షలు మొత్తం లవణ సాంద్రతను తెలుపవు. దానికి విద్యుత్ వాహకతను వేరుగా కొలవాలి. తుది సిఫారసులో నేల స్వభావాన్ని, వర్షపాతాన్ని, పంటను కూడా పరిగణించాలి. కొత్త బోరు వేసిన వెంటనే ఒకసారి, ఆ తరువాత ఏటా వేసవిలో ఒకసారి ఈ రెండు పరీక్షలు చేసి విలువలను నమోదు చేసే అలవాటును విస్తరణ శాస్త్రవేత్తలు రైతులకు నేర్పగలిగితే, నేల గట్టిపడక ముందే చికిత్స ప్రారంభించవచ్చు.